నలభై దాటాక కారు నేర్చుకోవడం: పక్క సీటులో ఎవరిని కూర్చోబెట్టుకోవాలి?

ప్రశ్న: లెక్కల టీచర్ (హనుమకొండ)

నాకు 44 ఏళ్ళు. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. పోయిన బదిలీల్లో పరకాల రోడ్డులో, మా ఇంటికి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న బడి వచ్చింది. 2023 డిసెంబరు 9న ఆడవారికి ఉచిత బస్సు ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం మొదలైన దగ్గర నుంచి ఆర్టీసీ బస్సులో మాకు టికెట్టు డబ్బులు మిగిలాయి గాని, ఉదయపు బస్సులో కాలు మోపే చోటు మాత్రం మిగలలేదు. ఇంట్లో పన్నెండేళ్ళ నాటి వాగన్ ఆర్ ఉంది. మావారు ఆఫీసుకు బైకు మీద వెళ్తారు కనుక ఆ కారు వారంలో ఆరు రోజులు కవరు కప్పుకొని గేటు ముందే ఉంటుంది. దానిని నేను నడపగలిగితే నాతోపాటు అదే దారిలో వెళ్ళే మరో ఇద్దరు టీచర్లకు కూడా బస్సు బెడద తప్పుతుందన్న ఆశతో నేర్చుకోవాలని నిర్ణయించుకున్నాను. ఇంతవరకు స్కూటీ కూడా నడపలేదని ముందే చెప్పుకోవాలి. పదో తరగతి వరకు సైకిలు తొక్కడమే నా అనుభవమంతా.

మొదట మావారే నేర్పుతానన్నారు. ఊరి బయట ఇంకా ఇళ్ళు లేవని ఒక కొత్త వెంచరుకు వెళ్ళి, అక్కడి రోడ్ల మీద రెండు ఆదివారాలు ప్రయత్నించాము. ఆయన ఇరవై ఏళ్ళుగా బండి మీద ఒక్క గీత పడకుండా నడుపుతున్న మనిషి. అయినా "క్లచ్ మెల్లగా వదులు" అన్న ఒక్క మాట తప్ప ఆయన నోటి నుంచి వేరే వివరణ రాలేదు; నేను ఎంత మెల్లగా వదిలాననుకున్నా బండి కప్పలా గెంతి ఆగిపోవడమూ మానలేదు. రెండో ఆదివారం ఇంటికి తిరిగి వస్తూ దారిపొడవునా ఇద్దరమూ మాట్లాడుకోలేదు.

ఇప్పుడు నా ముందు మరో మూడు దారులున్నాయి. చౌరస్తా దగ్గర ఉన్న ఒక డ్రైవింగ్ స్కూలువారు రోజుకు అరగంట చొప్పున పదిహేను రోజులకు 6,000 రూపాయలు అడిగారు. లైసెన్సు పని కూడా తామే చూసుకుంటామన్నారు. ఒక మహిళా శిక్షకురాలు మన ఇంటికే వచ్చి మన కారులోనే నేర్పుతారని తెలిసింది గాని, ఆమె తీసుకునేది దానికి దాదాపు రెట్టింపు. మా సహోద్యోగి ఇంట్లో పనిచేసే డ్రైవరు, ఆదివారాలు వచ్చి నెల రోజుల్లో నేర్పేస్తానని అంటున్నాడు. వీరిలో ఎవరిని ఎంచుకోవాలి, ఎంచుకునే ముందు వారిని ఏమడగాలి అన్నది నా సందేహం. ఆటోమేటిక్ కారు కొంటే ఈ క్లచ్ గొడవే ఉండదని మా అబ్బాయి అంటున్నాడు. ఉన్న బండి అమ్మి అంత డబ్బు పెట్టడం నాకు ఇష్టం లేదు.


జవాబు 1: కాగితాల రాయుడు (కరీంనగర్)

మేడం, ఎవరు నేర్పాలన్నది తరువాతి మాట. మీరు ఎల్.ఎల్.ఆర్. (నేర్చుకునేవారికి ఇచ్చే తాత్కాలిక లైసెన్సు) తీసుకున్నారో లేదో రాయలేదు. అది లేకుండా వెంచరులో నడిపినా తప్పే అవుతుంది, ఎందుకంటే జనం వచ్చిపోయే హక్కు ఉన్న ఏ రోడ్డునైనా మోటారు వాహనాల చట్టం బహిరంగ స్థలంగానే లెక్కిస్తుంది. మీకు 40 దాటాయి కనుక దరఖాస్తుతోపాటు ఫారం 1ఎ మీద వైద్యుని ధ్రువపత్రం కూడా పెట్టాలి. ఎల్.ఎల్.ఆర్. ఆరు నెలలు చెల్లుతుంది. అది చేతికి వచ్చి 30 రోజులు గడిచాకే డ్రైవింగ్ పరీక్షకు వెళ్ళవచ్చు. పరీక్షలో తప్పితే మళ్ళీ ఏడు రోజుల తరువాత హాజరు కావచ్చు గాని, మూడుసార్లు తప్పితే 60 రోజులు ఆగాలి.

ఇక మీవారు నేర్పడం చట్టవిరుద్ధమేమీ కాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలలో మూడవ నియమం ప్రకారం, ఆ తరగతి వాహనానికి చెల్లుబాటయ్యే లైసెన్సు ఉన్న వ్యక్తి, బండిని అదుపు చేయడానికో ఆపడానికో వీలైన చోట మీ పక్కన కూర్చుని ఉండాలి. 18 సెంటీమీటర్ల చదరపు తెల్ల పలక మీద ఎర్రటి "ఎల్" అక్షరం బండికి ముందూ వెనుకా కనబడాలి. ఈ నియమం పాటించకపోతే, ప్రమాదం జరిగిన రోజున ఇన్సూరెన్స్ కంపెనీ మీ పాలసీలో బండిని ఎవరు నడపవచ్చో చెప్పే డ్రైవరు క్లాజును తీసి చూపిస్తుంది. ఏమైనా ఆ ఇద్దరు టీచర్లనూ లైసెన్సు చేతికి వచ్చేదాకా బస్సులోనే రమ్మనండి.

2021 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన నియమాల ప్రకారం గుర్తింపు పొందిన డ్రైవర్ శిక్షణ కేంద్రాలనే ఏర్పాటు కూడా ఒకటి ఉంది. కారుకు 8 గంటల పాఠాలు, 21 గంటల ఆచరణ కలిపి 29 గంటల శిక్షణను నాలుగు వారాల లోపల ఇచ్చి, చివర వారే పరీక్ష పెడతారు; ఆ ధ్రువపత్రం ఉన్నవారికి రవాణా శాఖవారి (ఆర్టీఏ) ట్రాక్ పరీక్ష నుంచి మినహాయింపు ఉంటుంది. మీకు దగ్గరలో అలాంటి కేంద్రం ఉన్నదేమో రవాణా శాఖ కార్యాలయంలో ఒకసారి అడగండి.


జవాబు 2: పాత శిక్షకుడు (విజయవాడ)

అమ్మా, నేను పంతొమ్మిదేళ్ళు డ్రైవింగ్ స్కూలులో నేర్పి, మోకాళ్ళ నొప్పుల వల్ల మానేసినవాడిని. ఆ మోకాళ్ళు ఎందుకు అరిగాయో చెబితే మీ ప్రశ్నకు సగం జవాబు వస్తుంది.

స్కూలు కారులో నేర్పేవాడి వైపు కూడా క్లచ్, బ్రేకు ఉంటాయి. మీ ప్రాణానికి రక్షణగా చట్టం పెట్టించిన ఏర్పాటు అది. కానీ చాలా స్కూళ్ళలో దానితోనే మీ చదువు పాడవుతుంది. అరగంటకు ఒక మనిషి చొప్పున తెల్లవారు జామున ఐదున్నర నుంచి వరుసగా ఎక్కుతుంటారు. బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర బండి ఆగిపోతే వెనుక హారన్ల మోత మొదలవుతుంది, తరువాతి వారికి ఆలస్యమవుతుంది, ఓనరు ఫోన్ చేస్తాడు. అందుకని బండి కుదపబోతున్నదని అనిపించిన క్షణంలోనే నేర్పేవాడి కాలు క్లచ్ మీదికి పోతుంది. మీరు స్టీరింగు పట్టుకుని, తారురోడ్డు మీద హాయిగా సాగిపోతున్నామని సంతోషిస్తారు. బండిని నడుపుతున్నది మాత్రం పక్కవాడి కాళ్ళు. పదిహేనో రోజున ఇంటికి వెళ్ళి సొంత కారు తీస్తే గేటు దాటకముందే ఆగిపోతుంది. ఇలా మళ్ళీ మా దగ్గరికి వచ్చి, నేర్చుకున్నదంతా మరిచిపోయానని నొచ్చుకున్నవారు నాకు లెక్కలేనంత మంది తెలుసు. వారు మరిచిపోవడానికి అసలు నేర్చుకున్నది ఏదీ లేదని చెప్పే ధైర్యం నాకు చాలా ఏళ్ళు లేకపోయింది.

దీనిని మీరే కనిపెట్టవచ్చు. ఆ రెండు జతల పెడళ్ళూ ఒకదానితో ఒకటి కలిపి ఉంటాయి కనుక అటువైపు నొక్కితే ఇటువైపుది కూడా కిందికి పోతుంది. మీరు నొక్కకుండానే మీ పాదం కింద పెడలు దిగిపోతే ఆ పని చేసినవాడు పక్కన ఉన్నట్టే. మొదటి రెండు మూడు రోజులు అది తప్పదు. వారం గడిచాక కూడా అలాగే జరుగుతుంటే "ప్రమాదం ఉంటే తప్ప మీరు కాలు పెట్టవద్దు, బండి ఆగిపోతే ఆగిపోనివ్వండి" అని గట్టిగా చెప్పండి. ఆ మాటకు నవ్వి ఒప్పుకునేవాడు మంచి గురువు. విసుక్కునేవాడి దగ్గర డబ్బు పోయినా సరే, మానేయడమే మేలు.

రోజుల లెక్క కూడా చూడండి, మీరు లెక్కల టీచరే కదా. సొంత వాహనం నడపడానికి నేర్పే శిక్షణ 21 రోజులకు తగ్గకూడదని, అందులో అభ్యాసకుడు నిజంగా నడిపిన కాలం 10 గంటలకు తగ్గకూడదని నియమం చెబుతుంది. వారు చెప్పిన పదిహేను అరగంటలు ఏడున్నర గంటలే అవుతాయి. అందులో పెట్రోలు బంకు దగ్గర ఆగేది, ముందువారిని ఇంటి దగ్గర దించేది తీసేస్తే ఆరు మిగిలితే గొప్ప. స్కూలుకు ఫారం 11లో లైసెన్సు ఉందా, మీ పేరు ఫారం 14 రిజిస్టరులో ఎక్కుతుందా, చివర ఫారం 5 ధ్రువపత్రం ఇస్తారా అని అడగండి. ఈ మూడు మాటలు వినగానే ఎదుటివారు మీతో మాట్లాడే తీరు మారుతుంది.

క్లచ్ సంగతి ఇక్కడే చెబుతాను, ఎందుకంటే మీవారు చెప్పలేకపోయినది అదే. చదునైన నేల మీద, యాక్సిలరేటరు జోలికి అసలు పోకుండా, మడమ కింద ఆనించి ఫస్ట్ గేరులో క్లచ్‌ను వదులుతూ రండి. ఒక చోట ఇంజిను శబ్దం కాస్త బరువెక్కుతుంది, బానెట్ సన్నగా వణుకుతుంది. అదే హాఫ్ క్లచ్. అక్కడ పాదాన్ని ఆపి రెండు అంకెలు లెక్కపెడితే బండి దానంతట అదే చీమలా కదులుతుంది. మీ వాగన్ ఆర్‌లో ఆ చోటు స్కూలు కారులో ఉన్నంత ఎత్తులో ఉండకపోవచ్చు, ఏ రెండు బళ్ళకూ ఒకేలా ఉండదు. అందుకే ఒక బండిలో వచ్చినంత మాత్రాన రెండోదానిలో వచ్చేసిందని అనుకోకూడదు. ఒక గంటసేపు కదలడం, ఆగడం తప్ప వేరే పని పెట్టుకోకండి. సీటును మాత్రం క్లచ్ పూర్తిగా నొక్కినా మోకాలు కొంచెం వంగి ఉండేటట్టు ముందుకు జరుపుకోండి. మడమ జారే చెప్పులు వద్దు, చీర కుచ్చిళ్ళు పెడళ్ళ మీద పడకుండా చూసుకోండి.

మీవారి మీద కోపం పెట్టుకోవద్దు. ఆయన కాలికి తెలిసిన విద్య నోటికి రాదు, అది ఒకటి. రెండోది, ఆయన కూర్చున్న వైపు బ్రేకు లేదు. బ్రేకు లేని సీటులో కూర్చున్నవారికి నోరే బ్రేకు, అందుకే అరుస్తారు. మీ అంతట మీరు బండిని అనుకున్నచోట ఆపగలిగిన రోజు నుంచి ఆయనను పక్కన కూర్చోబెట్టుకోండి, అప్పుడు ఆయన కంటే పనికివచ్చేవారు దొరకరు. సహోద్యోగి డ్రైవరు విషయంలో నాకు పెద్ద అభిప్రాయం లేదు. రోడ్డు బాగా తెలిసే ఉంటుంది, హారన్ మీద చేయి, క్లచ్ మీద కాలు ఎప్పుడూ వేసి ఉంచే అలవాటు కూడా దానితోపాటే వస్తుంది.


జవాబు 3: గోదారి ఆడపడుచు (హైదరాబాద్)

పెద్దాయన చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తూనే రెండు మాటలు విడిగా చెప్పాలనుకుంటున్నాను. నేను 39వ ఏట మహిళా శిక్షకురాలి దగ్గరే నేర్చుకున్నాను. తెల్లవారు జామున చీకటిలో ముక్కూముఖం తెలియని మనిషితో ఒంటరిగా కారులో కూర్చోవడం మనలో చాలామందికి ఇష్టం ఉండదు, ఇంట్లోవారికీ నచ్చదు. ఆ బెంగ పక్కన పెట్టుకుని క్లచ్ మీద మనసు పెట్టడం సాధ్యం కాదు. అందుకని ఆమె అడిగిన ఎక్కువ డబ్బును నేను దండగ అనుకోలేదు. అయితే ఆడవారు కాబట్టి బాగా నేర్పుతారన్న నమ్మకం కూడా పెట్టుకోవద్దు. మా మేడం ఎంతో ఓర్పు గల మనిషి, ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు, కానీ నెలంతా మా కాలనీ లోపలి వీధులే తిప్పారు. మెయిన్ రోడ్డు అడిగినప్పుడల్లా "మీకు ఇంకా భయంగా ఉంది కదా" అనేవారు. భయం నాకు ఎక్కువో ఆమెకు ఎక్కువో ఇప్పటికీ తేలలేదు. ఇంకో సంగతి: మన కారులో నేర్పేవారికి రెండో బ్రేకు ఉండదు. మీ వాగన్ ఆర్‌లో ఇద్దరి మధ్యన ఉండే హ్యాండ్ బ్రేకే ఆమెకు దిక్కు. ఆమె దానిని వాడి బండిని ఆపగలరో లేదో మొదటి రోజే ఖాళీ రోడ్డు మీద చేసి చూపించమనండి.

లైసెన్సు పరీక్షలో నాగోలు ట్రాక్ మీద మొదటిసారి తప్పాను. వెనక్కి వచ్చే హెచ్ ఆకారపు మలుపులో స్తంభాన్ని తాకించాను. పరీక్షకు ముందు రోజు వేరే చోట గంటసేపు "ఆ కర్ర అద్దంలో కనబడగానే స్టీరింగు ఒకటిన్నర చుట్టు తిప్పు" అని గుర్తులు బట్టీ పట్టించారు. పరీక్ష రోజు ఇచ్చిన కారు వేరు, అద్దం వేరు, కర్ర కనబడిన చోటూ వేరు. వారం తరువాత గుర్తులన్నీ మరిచిపోయి, వెనుక చక్రం ఎటు పోతున్నదో అద్దంలో చూసుకుంటూ నెమ్మదిగా వస్తే గట్టెక్కాను. కాబట్టి ఎవరిని అడిగినా "రివర్సు గుర్తులతో నేర్పుతారా, అద్దాలతో నేర్పుతారా" అని తప్పక అడగండి.

అసలు నగరంలో నడపడం లైసెన్సు వచ్చాక మా తమ్ముడి పక్కన రెండు నెలలు కూర్చుని నేర్చుకున్నాను. వాడు చేసిన గొప్ప పని ఏమీ లేదు. రాంగ్ రూట్‌లో ఎదురుగా వచ్చే బైకుకు దారి ఇవ్వడం కోసం నేను ఆగినప్పుడల్లా వెనుకవారి హారన్లకు కంగారు పడకుండా "ఆగు అక్కా, వాళ్ళే పోతారు" అనేవాడు. స్కూలు కారులో వెనుక సీటులో మరో ఇద్దరు కూర్చోవడం వృథా అని అందరూ అంటారు గాని, ఇతరులు తప్పు చేస్తుంటే చూడడం వల్ల మేలే జరుగుతుందని నేను అనుకుంటాను.


జవాబు 4: లెస్టర్ వాసి (బ్రిటన్)

నేను ఇక్కడికి వచ్చాక మన లైసెన్సు మీద నడపగలిగిన 12 నెలలూ గడిచిపోయి, 36వ ఏట మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవలసి వచ్చింది. బ్రిటన్‌లో డబ్బు తీసుకుని నేర్పేవారు తప్పనిసరిగా నమోదైన శిక్షకులై ఉండాలి. పూర్తి అర్హత ఉన్నవారు కారు అద్దానికి ఆకుపచ్చ బ్యాడ్జీ, ఇంకా శిక్షణలో ఉన్నవారు గులాబీ రంగు బ్యాడ్జీ పెట్టుకుంటారు. వారి బోధనను పరిశీలించి ఇచ్చిన గ్రేడు ఏమిటని అడగడం ఇక్కడ మర్యాద తప్పడం కాదు. ఇంట్లోవారు నేర్పాలంటే 21 ఏళ్ళు నిండి, లైసెన్సు వచ్చి మూడేళ్ళు గడిచి ఉండాలి. ఆటోమేటిక్‌లో పరీక్ష నెగ్గితే ఆటోమేటిక్ మాత్రమే నడపాలి. మన దగ్గర కారు లైసెన్సులో ఆ విభజన లేదు కాబట్టి మీ అబ్బాయి సలహా చట్టపరంగా తప్పు కాదు, కానీ ఇంట్లో ఉన్నది గేర్ల బండి అయినప్పుడు దానిలో నేర్చుకోవడమే నయం.

మా శిక్షకురాలిలో నాకు నచ్చినది ఆమె బ్యాడ్జీ రంగు కాదు. నేను తప్పు చేసిన వెంటనే నడుస్తున్న బండిలో ఏమీ అనేవారు కాదు. కొంత దూరం పోయాక రోడ్డు పక్కన ఆపించి, ఇంజిను ఆపించి, "ఆ మలుపు దగ్గర నీకు ఏమేమి కనబడ్డాయి" అని అడిగేవారు. చాలాసార్లు నాకు కనబడనిదే అసలు తప్పు అయ్యేది. ఒక ట్రయల్ క్లాసుకు డబ్బు కట్టి, నేర్పేవారు బండి ఆపి మాట్లాడతారా, నడుస్తుండగానే చెవిలో జోరీగలా చెబుతూ పోతారా అన్నది చూడండి.


జవాబు 5: భర్త పక్షం (గుంటూరు)

నోరే బ్రేకు అన్న మాట చదివి మా ఆవిడ గంటసేపు నవ్వింది. ఆమెకు నేనే నేర్పాను, కాపురం నిలిచే ఉంది. మేము పెట్టుకున్న ఒప్పందం ఇది: బండి కదిలాక నేను "ఆపు" అన్న ఒక్క మాట తప్ప ఇంకేమీ అనకూడదు, ఆ మాట వినబడితే ఆమె ఎందుకని అడగకుండా ఆపాలి. మిగిలినదంతా ఇంటికి వచ్చి టీ తాగాక. మొదటి వారం నా పెదవి కొరుక్కుని కొరుక్కుని పుండు పడింది.


ప్రశ్న అడిగినవారి మలిమాట: లెక్కల టీచర్ (హనుమకొండ)

అందరికీ ధన్యవాదాలు. ఎల్.ఎల్.ఆర్. లేకుండా రెండు ఆదివారాలు నడిపిన మాట నిజమే, సిగ్గుపడుతున్నాను. అది ఇప్పుడు చేతికి వచ్చింది. చౌరస్తా స్కూలుకు వెళ్ళి 21 రోజులు, 10 గంటలు అనగానే "ఇంతవరకు ఎవరూ అడగలేదు మేడం" అని నవ్వి ఊరుకున్నారు. అక్కడి నుంచి వచ్చేసి, ఇంకాస్త దూరంలో ఉన్న రెండో స్కూలులో ఫారం 11 గోడ మీదే కనబడితే అక్కడ చేరాను. వారికి మహిళా శిక్షకురాలు లేరు. సాయంత్రం బడి నుంచి వచ్చాక, వెలుతురు ఉండగానే, వెనుక సీటులో మరొక అభ్యాసకురాలు ఉండేటట్టు సమయం ఇమ్మన్నాను, ఇచ్చారు. ఇరవై ఒక్క అరగంటలకు 8,500 రూపాయలు అయింది.

నేర్పే ఆయన వయసు మళ్ళినవారు. మూడో రోజున పెడలు సంగతి అడిగితే కాసేపు నా వైపు చూసి, "మీకు ఎవరు చెప్పారు?" అన్నారు. తరువాత తన చెప్పులు విడిచి రెండు కాళ్ళూ సీటు వైపుకు లాక్కుని కూర్చున్నారు. కాజీపేట బ్రిడ్జి ఎక్కేటప్పుడు బండి రెండుసార్లు ఆగిపోయింది, వెనుక బస్సువాడు ఏమన్నాడో ఇక్కడ రాయలేను. మూడోసారి హ్యాండ్ బ్రేకు వేసి, శబ్దం బరువెక్కేదాకా ఆగి వదిలితే ఎక్కింది.

మావారు గుంటూరు ఒప్పందానికి సరేనన్నారు గాని, ఆయన వంతు ఇంకా రాలేదు. నా పాదం కింద పెడలు దానంతట అది దిగిన లెక్కను రోజూ నోటు పుస్తకంలో రాసుకుంటున్నాను: నాలుగో రోజు తొమ్మిది, ఐదో రోజు ఆరు, నిన్న రెండు. ఆ రెండింటిలో ఒకటి గేదె అడ్డం వచ్చినప్పుడు, దానిని నేను లెక్కలో పెట్టాలా వద్దా అన్నది పాత శిక్షకుడు గారే చెప్పాలి.